ఒకే కవరు మీద రెండు కొండకోటలు

1949 అక్టోబరులో నన్ను నిజాం సర్కారు తపాలా శాఖ నుంచి సికింద్రాబాద్‌లోని ఒక ఇండియా తపాలా ఆఫీసుకు ఆరు నెలల డిప్యుటేషన్ మీద పంపారు. హోదా స్టాంపర్. కవరు మీద అంటించిన తపాలా బిళ్ల సరైనదేనా, చాలినంత ఉందా అని చూసి, దాని మీద తేదీ ముద్ర కొట్టడం స్టాంపర్ పని. బయటివాళ్లకు కొట్టడం ఒక్కటే కనిపిస్తుంది కాబట్టి మాది కమ్మరి పనిలో ఒక శాఖ అనుకుంటారు. నిజానికి మాకు జీతం ఇచ్చేది చూసినందుకే, కొట్టినందుకు కాదు. ఆ సంగతి నాకు బాగా తెలిసొచ్చిన రోజు గురించి రాస్తున్నాను.

ఒక ఊళ్లో రెండు తపాలాలేమిటని ఇప్పటివాళ్లు అడుగుతారు. మాకు రెండుండేవి. హైదరాబాద్ సంస్థానానికి సొంత బిళ్లలు, సొంత డబ్బాలు, సొంత పోస్టుమన్లు. సంస్థానం లోపల తిరిగే ఉత్తరానికి సర్కారు బిళ్ల చాలు. మద్రాసుకో బెజవాడకో పోవాలంటే ఇండియా బిళ్ల అంటించి, ఇండియా తపాలా ఆఫీసులో వెయ్యాలి. సికింద్రాబాద్ ఇంగ్లీషు సైన్యం ఉండిన దండు ఊరు కనుక ఆ ఆఫీసులు ఇక్కడ ముందునుంచీ ఉన్నాయి. ఒకదాని డబ్బాలో వెయ్యాల్సింది ఇంకొకదానిలో వెయ్యడం జనానికి రోజూ ఉండే అలవాటు. ఆ తప్పు ఉత్తరాలను మేము వాళ్లకూ, వాళ్లు మాకూ రోజూ పొద్దున అప్పగించుకునేవాళ్లం.

పోలీసు చర్య జరిగి అప్పటికి ఏడాది దాటింది. తుపాకుల చప్పుడు ఆగి, కాగితాల చప్పుడు మొదలైన కాలం. సర్కారు తపాలాను ఇండియా తపాలాలో కలిపేస్తారన్న మాట ఖాయమైంది. కలిపే ముందు మాలో కొందరిని అవతలి పద్ధతులు నేర్చుకోవడానికి పంపారు. ఆరు నెలలయ్యాక అక్కడి పోస్టుమాస్టరు మా కాగితం మీద 'పనికి వస్తాడు' అని రాస్తే కొత్త శాఖలో కొలువు. 'రాడు' అని రాస్తే బన్సీలాల్‌పేట్‌లో మా నాయన నడిపే కుట్టు దుకాణంలో గుండీలు కుట్టుకోవాలి.

నా పేరు మస్తాన్. మా ఇంట్లో తెలుగు, గల్లీలో ఉర్దూ, ఆఫీసులో రెండూ కలిపిన కిచిడీ. ఐదో తరగతిలో లెక్కల పంతులూ నేనూ ఒకరినొకరు భరించలేక విడిపోయాం. ఆ తర్వాతి చదువంతా కవర్ల మీది చిరునామాల్లోనే సాగింది. నోరు మాత్రం కొంచెం ఎక్కువే. కిటికీ దగ్గరికి వచ్చిన మనిషి నవ్వకుండా పోతే ఆ రోజు నాకు అన్నం సయించేది కాదు.

సర్కారు తపాలాలో మాకో వాడుక ఉండేది. బిళ్లలను ఎవరూ వెలతో అడిగేవారు కాదు, బొమ్మతో అడిగేవారు. అణా బిళ్ల మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్ చెరువు, ఎనిమిదణాల మీద అజంతా గుహల వాకిలి, పన్నెండణాల మీద బీదర్ మదరసా. తర్వాత వచ్చినవాటిలో ఓరుగల్లు తోరణం మూడణాలు, గోల్కొండ కోట ఆరణాలు. "రెండు చార్మినార్లు, ఒక చెరువు ఇయ్యి" అనేవారు జనం. మేమూ అలాగే అందించేవాళ్లం. చదువు రానివాడు కూడా మోసపోడు, ఎందుకంటే బొమ్మ ఎవరికైనా తెలుస్తుంది. పొద్దుటి పూట గంటసేపు కిటికీలో కూర్చుంటే సంస్థానంలో సగం అమ్ముడుపోయేది.

అన్నిటికన్నా పెద్దది రూపాయి బిళ్ల. దాని మీద దౌలతాబాద్ మినారు. కొండను చెక్కి కోట చేసి, కొండ చుట్టూ పట్నం కట్టారే, ఆ దౌలతాబాద్. కోటను గెలిచినవాడు దాని కింద నిలబెట్టిన నున్నటి, గుండ్రటి మినారు అది. రూపాయి బిళ్ల రోజూ అమ్ముడుపోదు. బరువైన రిజిస్టరు కవరు వస్తేనే దాని మొహం చూసేవాళ్లం. అది వచ్చిందంటే నేను లేచి సలాము కొట్టి మరీ ముద్ర వేసేవాణ్ణి. అది నా వేషాల్లో ఒకటి.

ఇక ఇండియా తపాలా వాళ్లు ఆ ఆగస్టులోనే కొత్త బిళ్లలు తెచ్చారు. పదహారు రకాలు. వాటి మీదా పాత కట్టడాలే. గుళ్లు, స్తూపాలు, కోటలు, తాజ్‌మహల్. మా అజంతా కూడా వాటిలోకి చేరిపోయింది. రూపాయి బిళ్ల మీద చిత్తోడ్ విజయస్తంభం. అదీ కొండ మీది కోట పట్నమే, అదీ గెలిచినవాడు నిలబెట్టిన స్తంభమే. వాళ్ల రూపాయికీ మా రూపాయికీ ఒకే ఆలోచన రావడం ఎలా జరిగిందో తెలియదు గానీ, నన్ను ముంచింది అదే.

నేను పని చేసిన రిజిస్టరీ కిటికీలో ఇద్దరం ఉండేవాళ్లం. ముందు కూర్చునే గుమాస్తా రాఘవయ్య గారు, బెజవాడ మనిషి, కొత్తగా బదిలీ మీద వచ్చారు. వెనక నేను. పద్ధతి ఇది: కవరు వస్తే ముందు నా చేతికి ఇస్తారు. నేను తూచి, బిళ్ల చూసి, "సరిపోయింది" అనాలి. ఆ మాట విన్నాకే గుమాస్తా రసీదు రాస్తారు. రసీదు మీద సంతకం ఆయనది. మాట నాది. నా మాటకు కాగితం లేదు.

నవంబరులో ఒక రోజు పదకొండు గంటలప్పుడు రూతమ్మ టీచరు వచ్చారు. సికింద్రాబాద్‌లోనే కార్ఖానా అనే బస్తీలో ఉండేవారు. సర్కారు బడిలో చిన్నపిల్లలకు ఉర్దూలో పాఠం చెప్పేవారు. పోలీసు చర్య తర్వాత బళ్లలో తెలుగు మొదలైంది. తెలుగులో ట్రైనింగు అయినవాళ్లనే ఉంచుతామని ఆ బడివాళ్లు చెప్పేశారట. ఆమెకు మిషనువాళ్లు చిన్నప్పుడు నేర్పిన తెలుగు చక్కగా వచ్చు, ట్రైనింగు కాగితమే లేదు. బెజవాడ అవతల ఒక మిషను ట్రైనింగు స్కూల్లో ఒకే ఒక సీటు మిగిలిందని తెలిసి దరఖాస్తు పంపుతున్నారు. కవరులో అసలు సర్టిఫికెట్లు ఉన్నాయి. శనివారం లోపు చేరాలి. ఆ రోజు బుధవారం. ఇదంతా ఆమె కవరు ఇస్తూ ఇస్తూనే చెప్పారు. కంగారు పడేవాళ్లు కిటికీ దగ్గర కథంతా చెబుతారు, మా ఉద్యోగంలో అదొక లాభం.

"మస్తానన్నా, జెర మంచిగ చూడు. ఇది పోయిందంటే నా బతుకే పోయినట్టు. అమ్మ, నేను, తమ్ముడు, ముగ్గురికీ నా జీతమే."

"చేరుతది టీచరమ్మా. బిళ్ల నువ్వే అంటించుకొచ్చినవా?"

"నాయన దాచిన బిళ్ల. పెట్టెల ఉండె. రూపాయిది. చాలుతదా?"

తూచాను. రూపాయితో సరిగ్గా సరిపోయింది. బిళ్ల చూశాను. దౌలతాబాద్ మినారు. లేచి నిలబడి సలాము కొట్టాను.

"దౌలతాబాద్ మినారే ఎక్కించినవ్ గద టీచరమ్మా! ఇగ చూడు, బెజవాడ దాకా ఏడికెల్లి చూసినా కనపడ్తది నీ కవరు."

ఆమె నవ్వారు. రాఘవయ్య గారూ నవ్వారు. నేను "సరిపోయింది" అని, మినారు చుట్టూ గుండ్రంగా వచ్చేలా ముద్ర కొట్టాను. ఆయన రసీదు రాసి ఇచ్చారు.

చదివేవారికి ఈపాటికే తెలిసి ఉంటుంది. నాకు తెలియలేదు. ఆ బిళ్ల పేరు నోటితో పలికాను, దానికి సలాము కొట్టాను, అది ఇండియా తపాలాలో చెల్లదన్న ఒక్క సంగతి మాత్రం తట్టలేదు. నేను ఏ కిటికీలో కూర్చున్నానో నా చేతికి తెలియదు. ఏడేళ్లుగా మినారు అంటే రూపాయి, రూపాయి అంటే సరిపోయింది. రాఘవయ్య గారిది ఇంకో రకం గుడ్డితనం. పదహారు కొత్త బొమ్మల్లో ఆయన ఇంకా అన్నీ చూడలేదు, దౌలతాబాద్ కూడా వాటిలో ఒకటనుకున్నారు. ఒకడికి ఆ బొమ్మ మరీ ఎక్కువ తెలుసు, ఇంకొకరికి అసలు తెలియదు. మధ్యలోంచి కవరు జారిపోయింది.

మూడు గంటలకు బెజవాడ రిజిస్టరీ సంచి కట్టారు. లోపల కవర్ల జాబితా, మూతికి తాడు, తాడు మీద లక్క, లక్క మీద పోస్టుమాస్టరు ఇత్తడి సీలు. సంచి స్టేషనుకు వెళ్లిపోయింది. రైలు ఆరున్నరకు.

నాలుగు గంటలప్పుడు ఒక మందుల దుకాణం పార్సెలు వచ్చింది. రూపాయి బిళ్ల కావాలి. రాఘవయ్య గారు సొరుగులోంచి ఒకటి చింపి నాకు అందించారు. ఇండియా రూపాయి బిళ్ల నా చేతికి రావడం అదే మొదలు. చూస్తే నున్నటి మినారు కాదు. అంతస్తు అంతస్తుకూ చెక్కిన స్తంభం.

"గిదేంది సార్, మినారు మారింది?" అన్నాను.

"ఏం మారిందయ్యా? సొరుగులో రూపాయివన్నీ ఇవేగా. చిత్తోడ్ అట."

"మరి దౌలతాబాద్ ఎంతకు?"

"అది నీకు తెలియాలి. పొద్దున దండం పెట్టింది నువ్వు."

అప్పుడు తెలిసింది. పార్సెలు మనిషి "ముద్ర కొట్టు భాయ్" అంటున్నాడు. కొట్టాను. ఏ తేదీ పడిందో ఇప్పటికీ చెప్పలేను.

ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. అదే వారం నేర్పారు. బెజవాడలో సంచి విప్పే గుమాస్తా చెల్లని బిళ్ల ఉన్న రిజిస్టరు కవరు చూస్తే ముందుకు పంపడు. 'బిళ్ల చెల్లదు' అని రాసి, తీసుకున్న ఆఫీసుకు తిప్పి కొడతాడు, సంజాయిషీ అడుగుతాడు. ఆ కవరు మళ్లీ సికింద్రాబాద్ చేరేసరికి వచ్చే వారం. శనివారం గడిచిపోతుంది. ఆ సీటు ఇంకెవరికో పోతుంది.

వెనక వరండాలో బాలయ్య బీడీ కాలుస్తున్నాడు. నాతోపాటే డిప్యుటేషన్ మీద వచ్చిన పోస్టుమన్. చెప్పాను. విని చుట్టూ చూశాడు.

"నీ పేరు ఏడనన్న రాసి ఉన్నదా?"

"లేదు."

"రసీదు మీద?"

"రాఘవయ్య సార్ సంతకం."

"మరి గమ్మున ఉండరాదూ. సార్ పర్మనెంటు మనిషి, ఆయనకేం కాదు. ఒక సంజాయిషీ రాస్తడు, అయిపాయె. నీ సంగతి చూస్కో. నిజాం బిళ్లను ఇండియా కవరు మీద పాస్ చేసినవ్, అదిసుత సలాము కొట్టి మరీ! పేరేమో మస్తాన్. ఎవడన్న కావాలనే చేసిండంటే ఏం జెప్తవ్? ఎట్లాంటి దినాలు నడుస్తున్నయో ఎరికేనా?"

తప్పేమీ చెప్పలేదు అతను. తప్పు కళ్లది, అనుమానం మాత్రం పేరు మీదకు వచ్చే రోజులవి. మా పాత ఆఫీసులో ఇద్దరిని అంతకంటే చిన్న కారణానికే ఇంటికి పంపారు. రైలుకు రెండు గంటల చిల్లర ఉంది. గమ్మున ఉంటే నాకు రెండు గంటలు గడవాలి, అంతే. రూతమ్మ టీచరుకు మాత్రం శనివారం గడుస్తుంది.

"సలాము కొట్టింది ఆమె ముందలనే గదరా, నమ్మి పోయింది," అన్నాను బాలయ్యతో. పోస్టుమాస్టరు గది వైపు కదిలాను.

"ఇగ పో. నీ నోరే నిన్ను కూర్చోనియ్యది," అన్నాడు.

మా పోస్టుమాస్టరు సుబ్రమణ్యం గారు తిరుచ్చి మనిషి. నుదుట విభూతి, ముక్కు మీద అద్దాలు. తెలుగు మాట్లాడేవారు గానీ ఒక్కో పదాన్నీ తూకం వేసి ఇచ్చేవారు. నేను జరిగింది వరసగా చెప్పాను, సలాముతో సహా. ఆయన అద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"మీ సర్కారు బిళ్ల అని తెలిసే వేశావా?"

"బొమ్మ తెలుసు సార్. తెలిసే వేశాను."

"ఏమప్పా, పాత సర్కారు మీద ప్రేమ ఇంకా పోలేదా?"

ఆ ప్రశ్న వస్తుందని బాలయ్య చెప్పనే చెప్పాడు. జవాబు మాత్రం అనుకోలేదు. నోటికి వచ్చింది అనేశాను.

"ప్రేమైతే పట్టి పట్టి చూసేటోణ్ణి సార్. ఇది అలవాటు. సరిగ్గ చూడనేలే."

సుబ్రమణ్యం గారు నవ్వలేదు. ఆయన నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు. రాఘవయ్య గారిని పిలిచారు. రాఘవయ్య గారు విని తెల్లబోయి, "ఆ బిళ్ల నేనూ చూశానండీ. రసీదు రాసింది నేనే. ఇద్దరిదీ అని రాయండి," అన్నారు. ఆ మాట ఆయన అనకపోయినా ఎవరూ అడిగేవారు కాదు. అందుకే చెబుతున్నాను.

పోస్టుమాస్టరు గోడ మీది గడియారం చూశారు. నాలుగూ ఇరవై ఐదు. సీలు వేసిన సంచిని మళ్లీ విప్పాలంటే పద్ధతి కఠినం. సీలు ఎవరిదో ఆ అధికారి స్వయంగా ఉండాలి, ఇంకో సాక్షి ఉండాలి, విప్పిన కారణం జాబితా మీద రాయాలి, అదే సీలుతో మళ్లీ మూయాలి. చీటీ పంపితే చాలదు. ఆఫీసు గుమాస్తాకు అప్పగించి పోస్టుమాస్టరు బయటకు రావడం ఆ ఆరు నెలల్లో అదొక్కసారే చూశాను. సొరుగులోంచి చిత్తోడ్ బిళ్ల ఒకటి తీయించారు. వెల నేను ఇచ్చాను. ఇత్తడి సీలును చేతిరుమాలులో చుట్టుకున్నారు, లక్క ముక్క, అగ్గిపెట్టె, నా తేదీ ముద్ర నాకిచ్చారు. రిక్షా ఎక్కాం. ఆయన మొక్కుబడి తీర్చుకోవడానికి వెళ్తున్నట్టు సీలును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. దారిలో ఒక్క మాట లేదు. నాకేమో మాట్లాడకుండా అంత దూరం ప్రయాణం చెయ్యడం అదే మొదటిసారి.

స్టేషను తపాలా గది ప్లాట్‌ఫారం కొసన ఉంటుంది. అక్కడ తపాలా సంచులు విడదీసి పంపే హెడ్ సార్టరు గంగారాం. నల్లగా, పొట్టిగా, గోడకు కొట్టిన మేకులా ఉండేవాడు. సంచుల కుప్ప మీద కాలు పెట్టి లెక్క చూసుకుంటున్నాడు. సంచి విప్పాలనగానే రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"సార్, సీలు తెంపుడంటే నా మెడ తెంపుడే. నేను సంచీలు ఎక్కిస్త, దించుత. విప్పుడు నా కొలువుల లేదు."

"సీలు నాది," అన్నారు సుబ్రమణ్యం గారు.

"మీదే సార్. సంచి నా పేరున ఎక్కింది గద. విప్పినంక ఒక కవరు తక్కువైతే?"

"జాబితా చూసి తీద్దాం. చూసి పెడదాం. నీవు సాక్షి."

"సాక్షి! గదే భయమైతున్నది నాకు," అని నా వైపు తిరిగాడు. "అసలు ఎవరిదీ తక్లీఫ్? నీదేనా?"

"నాదే అన్నా," అన్నాను. "బొమ్మ చూసి మోసపోయిన."

"ఆడోళ్ల బొమ్మ చూసి మోసపోయినోళ్లను చూసిన. రాళ్ల మినారు చూసి మోసపోయినోణ్ణి ఇయ్యాలనే చూస్తున్న," అన్నాడు. అని, తనే నవ్వి, కుప్పలోంచి బెజవాడ సంచిని లాగి బల్ల మీద పెట్టాడు. ఆరు గంటలకు సంచులన్నీ బండి ఎక్కాలని, అరగంట కంటే ఎక్కువ ఇవ్వలేనని చెప్పి గడియారాన్ని మా ముందు పెట్టాడు.

సుబ్రమణ్యం గారు సీలు చూసి, చెక్కుచెదరలేదని ముగ్గురికీ వినిపించేలా చెప్పి, తాడు కోశారు. ఇరవై ముగ్గురి ఆశలు బల్ల మీద పడ్డాయి. ఒక్కో నంబరూ జాబితాతో సరి చూస్తూ తీశాం. పదిహేడోది రూతమ్మ టీచరు కవరు. మినారు చుట్టూ నా ముద్ర దిద్దినట్టు ఉంది. అంత అందంగా నేను వేసిన ముద్రలు తక్కువ.

పాత బిళ్లను ఊడదీయకూడదు. ముద్ర పడ్డ బిళ్లను తీస్తే అది ఇంకో నేరం. కాబట్టి చిత్తోడ్ బిళ్లను దాని పక్కనే అంటించాను. దౌలతాబాద్ పక్కన చిత్తోడ్. కింద సుబ్రమణ్యం గారు ఎర్ర సిరాతో 'తీసుకున్న ఆఫీసు పొరపాటు, సరైన బిళ్ల అంటించబడింది' అని ఇంగ్లీషులో రాసి సంతకం చేశారు. కొత్త బిళ్ల మీద ముద్ర కొట్టమని నాకే చెప్పారు. కొట్టే ముందు ఆ బిళ్ల మీది ప్రతి అక్షరం చదివాను. నేను పైకి చదువుతున్నానని గంగారాం చెబితే గాని తెలియలేదు.

"చదివినవ్ గద, ఇగ కొట్టు. రైలు మీ నాయనది గాదు," అన్నాడు.

కవర్లన్నీ జాబితా ప్రకారం లోపల పెట్టి, తాడు కట్టి, లక్క కరిగించి, సీలు వేశాం. లక్క నా వేలి మీద పడింది. అరవాలనిపించింది, పోస్టుమాస్టరు పక్కనే ఉన్నారని మింగేశాను. ఆరుకు పది నిమిషాలు ఉందనగా సంచి బండెక్కింది.

మర్నాడు పొద్దున సుబ్రమణ్యం గారు నన్ను పిలిచి, పంపినవారికి చెప్పడం కూడా మన పనిలో భాగమని, స్వయంగా వెళ్లి చెప్పమని అన్నారు. కార్ఖానా వెళ్లాను. రూతమ్మ టీచరు బడికి బయలుదేరుతున్నారు. విషయం చెప్పేసరికి ద్వారబంధం పట్టుకున్నారు.

"పోయిందా అన్నా? నిజం చెప్పు. ఉన్నదా, పోయిందా?"

"పోయింది టీచరమ్మా. రైల్ల పోయింది. మంచిగనే పోయింది. కానీ తప్పు నాదే."

"నీ నవ్వులాటలు మండ! నా సర్టిఫికెట్లు పట్టుకోని ఆటలాడుతవా?" అన్నారు. వాళ్లమ్మ లోపలినుంచి, "ఎవరే ఆ మనిషి, లోపల కూసోబెట్టి తిట్టరాదూ" అన్నది. కూర్చున్నాను. తిట్లు అయ్యాక చాయ్ ఇచ్చారు. చాయ్ తాగుతుండగా టీచరు అడిగారు: "అయితే నాయన బిళ్ల ఇగ ఎందుకూ పనికి రాదా?"

సంస్థానం లోపలి ఉత్తరాలకు ఇంకొన్నాళ్లు పనికి వస్తుందని, తర్వాత రాదని చెప్పాను. అబద్ధం చెప్పలేదు. పెట్టెలో ఇంకో నాలుగు ఉన్నాయట. వాటిని వాళ్ల తమ్ముడి నోటుబుక్కులో అంటించుకోమని చెప్పాను.

రిజిస్టరు కవరుతో పాటు అందినట్టు సంతకం చేసి తిప్పి పంపే కార్డు ఒకటి ఉంటుంది. ఆ కార్డు మంగళవారం మా ఆఫీసుకు వచ్చింది. సంతకం శుక్రవారం నాటిది. దాన్ని బాలయ్య బట్వాడా చెయ్యాల్సిన సంచిలోంచి తీసుకుని నేనే పట్టుకెళ్లాను, అది కూడా పోస్టుమాస్టరుకు చెప్పే. టీచరు కార్డు మీది తేదీని రెండుసార్లు చదివారు. వాళ్లమ్మ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆమీన్ అనాలో ఆమెన్ అనాలో తెలియక రెండూ అన్నాను.

సీటు వచ్చింది. రూతమ్మ టీచరు జనవరిలో ట్రైనింగుకు వెళ్లి, తిరిగి వచ్చి, తెలుగు టీచరుగా చాలా ఏళ్లు పని చేశారు. ఆ స్కూలు గుమాస్తా ఆ రెండు బిళ్లల కవరును ఆశ్చర్యపోయి నలుగురికీ చూపించాడని ఆమె తర్వాత చెప్పారు. ఆ కవరు ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. బిళ్లలు సేకరించేవాళ్లు నన్ను ఒకరిద్దరు అడిగారు. నా దగ్గర లేదు.

సుబ్రమణ్యం గారు నా కాగితం మీద రెండు వాక్యాలు రాశారు. మొదటిది హెచ్చరిక: బిళ్లలు పరిశీలించడంలో అజాగ్రత్త. రెండోది: పనికి వస్తాడు. రాఘవయ్య గారికి సంజాయిషీ ఒకటి పడింది, దాన్ని ఆయన నాతోనే రాయించారు, నీ తప్పు నువ్వే బాగా వర్ణిస్తావని. 1950లో రెండు తపాలాలూ ఒకటయ్యాయి. నేను కొత్త శాఖలో చేరి, హెడ్ పోస్టుమన్‌గా రిటైరయ్యాను.

ఆ రోజు తర్వాత బిళ్ల చేతికి వస్తే ముందు దాని మీద ఏ సర్కారు పేరుందో చదివేవాణ్ణి, బొమ్మ తర్వాత చూసేవాణ్ణి. నా కింద పని నేర్చుకున్నవాళ్లకూ అదే వరస నేర్పాను. వాళ్లు విసుక్కునేవారు. దాంతోపాటు ఇంకొకటి చెప్పేవాణ్ణి. తప్పు చేసినవాడు మొదట చూడాల్సింది సంచి ఎక్కడుందని. సంచి ఊళ్లో ఉన్నంతసేపూ తప్పును దిద్దవచ్చు, అది ఒక గంట పని. రైలు కదిలాక దాన్ని దిద్దడం కుదరదు, విచారణ జరుగుతుంది. ఆ గంట ఎంత తొందరగా మొదలవుతుందన్నది, తప్పు చేసినవాడు ఎంత తొందరగా నోరు విప్పాడన్న దాని మీదే ఉంటుంది.